కారు గీతలను ఎందుకు తప్పు చదువుతుంది?

కొత్త కారు కొన్నవాళ్ళు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "హైవే మీద తిన్నగానే పోతున్నా ఒక్కోసారి కారు కీచుమంటుంది. నిజంగా గీత దాటినప్పుడేమో ఒక్కోసారి నోరు మెదపదు. ఇది పాడైపోయిందా, లేక దీని పని ఇంతేనా?"

ప్రశ్నలోనే సగం జవాబుంది. నిజంగా పాడైన పరికరం మామూలుగా ఒకే తీరున ఉంటుంది. ఎప్పుడూ పలకదు, లేదా పసుపు దీపం వెలిగించి తన వల్ల కావడం లేదని చెప్పేస్తుంది. ఒకచోట పలికి ఇంకోచోట ఊరుకుందంటే ముందుగా ఆ రెండు చోట్ల మధ్య తేడా వెతకాలి. ఏం వెతకాలో తెలియాలంటే ఈ పరికరం దేన్ని చూస్తుందో, చూసినదాన్నిబట్టి ఎలా తీర్పు చెబుతుందో తెలియాలి.

కారు కంటికి రోడ్డంటే రెండు గీతలు

ముందు అద్దానికి లోపలివైపు, రియర్‌వ్యూ మిర్రర్ వెనకాల, నల్లటి ప్లాస్టిక్ డిప్పలో ఒక చిన్న కెమెరా ఉంటుంది. లేన్ డిపార్చర్ వార్నింగ్ అని కంపెనీలు పిలిచే ఈ గీతదాటు హెచ్చరికకు ఇప్పటి కార్లలో ఆధారం ఆ కెమెరాయే. అది సెకనుకు పదుల సంఖ్యలో బొమ్మలు తీస్తూనే ఉంటుంది. ప్రతి బొమ్మలోనూ కంప్యూటర్ వెతికేది ఒకటే: ముదురు రంగు నేల మీద లేత రంగు పట్టీ ఎక్కడుంది, ఎటు పోతోంది?

బొమ్మలో గీతను పట్టుకోవడం మనకు చిటికెలో పని. యంత్రానికి అది లక్షల చుక్కల వెలుగు లెక్క. ఆ చుక్కల్లోంచి గీతను బయటికి లాగే ఉపాయాల్లో పేరుపొందిన ఒకటి రోడ్డుతో ఏ సంబంధమూ లేని చోట పుట్టింది. పరమాణు కణాలు ప్రత్యేకమైన ద్రవంలోంచి దూసుకుపోతే వెనక బుడగల జాడలు మిగులుతాయి. 1950ల చివర భౌతిక శాస్త్రవేత్తల ముందు అలాంటి జాడల ఫోటోలు గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. వాటిలో గీతలను మనుషులే కళ్ళు చిట్లించుకుని వెతకాలి. ఆ పనిని యంత్రానికి అప్పగించే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త పాల్ హఫ్ రూపొందించాడు. 1962లో దానికి పేటెంట్ వచ్చింది. బొమ్మలోని ప్రతి చుక్కా తన మీదుగా పోగల గీతలన్నిటికీ ఓటు వేస్తుంది. ఎక్కువ ఓట్లు పడ్డ గీత ఉన్నట్టు లెక్క. మధ్యలో కొన్ని చుక్కలు చెరిగిపోయినా మిగతా ఓట్లతో అది గెలుస్తుంది.

లొసుగు కూడా అక్కడే ఉంది. డివైడర్ రెయిలింగు నీడ, సిమెంటు రోడ్డు అతుకు, పగుళ్ళు పూడ్చిన తారు చార, ఇవన్నీ తిన్నగా ఉంటే చాలు, ఓట్లు సంపాదించుకుంటాయి. ఇప్పటి కార్లలో ఎన్నెన్నో రోడ్డు బొమ్మలు చూపించి తరిఫీదు ఇచ్చిన ప్రోగ్రాములు ఇలాంటి దొంగ గీతలను చాలావరకు వడగడతాయి. పూర్తిగా వడగట్టగలిగినవి లేవు.

రోడ్డు గీతలను యంత్రం చేత చదివించడం మొన్నమొన్నటి ఆలోచన అనిపిస్తుంది గానీ దీనికి నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1980లలో జర్మనీలో ఎర్న్‌స్ట్ డిక్‌మన్స్ బృందం కెమెరాలు బిగించిన వ్యానును ఖాళీ హైవే మీద తనంతట తానే నడిచేలా చేసింది. 1995లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డీన్ పామర్లో, టాడ్ జోకెమ్ పిట్స్‌బర్గ్ నుంచి శాండియేగో దాకా ప్రయాణించారు. యాక్సిలరేటర్, బ్రేకు మనుషులవి. స్టీరింగ్ మాత్రం దారిలో 98 శాతం యంత్రానిది. వాళ్ళు పనిచేసిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు 1979లో తొలి డైరెక్టరుగా ఉండి దాన్ని నిలబెట్టినవాడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 2000లో యూరప్‌లో మెర్సిడెస్ ఆక్ట్రాస్ లారీలలో ఈ హెచ్చరిక అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 2020 తర్వాతే ఇది మధ్యతరగతి కొనే కార్లలోకి దిగింది.

గీత దొరికాక లెక్క మొదలవుతుంది. మన జాతీయ రహదారుల మీద ఒక లేను వెడల్పు మామూలుగా 3.5 మీటర్లు. కారు వెడల్పు 1.8 మీటర్లు అనుకుందాం. నడిమధ్యన పోతున్నా అటు 85, ఇటు 85 సెంటీమీటర్లే ఖాళీ. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. కునుకుపాటులో కారు మూతి ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే సెకనుకు 44 సెంటీమీటర్ల చొప్పున గీతవైపు జరుగుతుంది. రెండు సెకన్లలోపే చక్రం గీత మీదికి వస్తుంది. కంప్యూటర్ గీత ఎంత దూరంలో ఉందని మాత్రమే చూసి ఊరుకోదు, ఎంత వేగంగా దగ్గరవుతోందో కూడా చూస్తుంది. దాన్నిబట్టి ముందే అరుస్తుంది, లేదా స్టీరింగ్‌ను వణికిస్తుంది.

అరవడానికి దానికి కొన్ని షరతులున్నాయి. వేగం ఒక హద్దు దాటాలి. చాలా కార్లలో అది గంటకు 50 నుంచి 65 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఇండికేటర్ వేసి ఉండకూడదు, వేస్తే మీరు కావాలనే లేను మారుతున్నారని అర్థం చేసుకుంటుంది. గట్టిగా బ్రేకు తొక్కినా, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా చాలా కార్లలో నోరు మూసుకుంటుంది. అన్నిటికంటే ముందు, గీత కనబడాలి. ఊళ్ళో నలభైలో పోతూ గీత దాటితే పలకలేదన్న ఫిర్యాదు, ఇండికేటర్ వేసి ఓవర్‌టేక్ చేస్తే పలకలేదన్న ఫిర్యాదు ఇక్కడే తేలిపోతాయి.

బయటినుంచి లోపలికి

తాతయ్య పొద్దున్నే పేపరు పట్టుకుని "అక్షరాలు కనబడటం లేదురా" అంటే వెంటనే కంటి ఆపరేషన్‌కు తీసుకుపోం. ముందు పేపరు చూస్తాం, అచ్చు అలికిందేమోనని. తర్వాత దీపం వేస్తాం. తర్వాత కళ్ళజోడు తుడిచిస్తాం. అది ముక్కు మీద వంకరగా కూర్చుందేమో సరిచేస్తాం. ఇవన్నీ అయినా కనబడకపోతే అప్పుడు డాక్టరు. కారు కెమెరా విషయంలోనూ ఇదే వరస: గీతలు, వెలుతురు, అద్దం, కెమెరా కూర్చున్న తీరు, ఆఖరున తీగలు. ఈ వరసకు ఇంకో సౌలభ్యం ఉంది. మొదటి మూడింటికీ ఖర్చు దాదాపు ఉండదు. తీగల దాకా పోతే జేబుకు చిల్లు.

మొదలుపెట్టే ముందు డ్యాష్‌బోర్డ్ మీది గుర్తు చూడాలి. రెండు గీతల మధ్య కారు బొమ్మ ఉంటుంది. చాలా కార్లలో అది బూడిద లేదా తెలుపు రంగులో ఉంటే పరికరం మేలుకునే ఉంది, గీతలు మాత్రం దొరకలేదని. ఆకుపచ్చగా మారితే దొరికాయని. పసుపు రంగులో వెలిగితే లోపం ఉందనో, తాత్కాలికంగా పనిచేయడం లేదనో చెబుతున్నట్టు. రంగుల వాడుక కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ ఒక్క పేజీ చదువుకోవడం మంచిది. గంటసేపు తెల్లగానే ఉన్న గుర్తుకూ ఒకసారి వెలిగిన పసుపు దీపానికీ మధ్య చాలా దూరం ఉంది. మెకానిక్‌కు చెప్పవలసిన మొదటి మాట ఈ రెండిట్లో ఏది కనబడిందన్నదే.

గీతలు, వెలుతురు

హైవేల మీద గీతలు మామూలు పెయింటు కావు. థర్మోప్లాస్టిక్ అనే పదార్థాన్ని వేడిచేసి కరిగించి పోస్తారు. అందులోనూ, దానిపైనా సన్నటి గాజుపూసలు ఉంటాయి. హెడ్‌లైట్ల వెలుగు పూసల్లోకి వెళ్ళి, వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. రాత్రి గీతలు మెరిసేది అందుకే. లారీల చక్రాల కింద పూసలు అరిగిపోతే పగలు బాగానే కనబడే గీత రాత్రికి మాయమవుతుంది. వాన కురిసి పూసల మీద నీటిపొర నిలిచినా అంతే: వెలుగు కారువైపు తిరిగి రాకుండా నీటి మీద జారి ముందుకు పోతుంది. అప్పుడు తడి రోడ్డు మీద ఎదుటి బండ్ల లైట్ల చారలే గీతలకంటే ఎక్కువ మెరుస్తాయి.

మన రోడ్ల ప్రత్యేకతలు కొన్ని ఉన్నాయి. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి రోడ్డు పక్క మట్టి అంచు మనకు ఎడమన ఉంటుంది. ఆ మట్టి, ఇసుక కొట్టుకొచ్చి అంచు గీతను కప్పేస్తాయి. కోతల కాలంలో అంచున ధాన్యమో మొక్కజొన్నో ఆరబోస్తారు. కుడి గీతకు పలికే కారు ఎడమ గీతకు పలకడం లేదంటే ఆ దారిలో ఎడమ గీత ఉందో లేదో ముందు చూసుకోవాలి. రోడ్డు వెడల్పు చేస్తున్న చోట పాత గీతలను గీకేసి కొత్తవి వేస్తారు. గీకిన జాడ కొన్ని కోణాల నుంచి కొత్త గీత లాగే మెరుస్తుంది. కారుకు అక్కడ రెండు దారులు కనబడతాయి. కొత్తగా తారు వేసి గీతలు ఇంకా వేయని రోడ్డు మీద అసలు ఒక్కటీ కనబడదు.

వెలుతురు వల్ల వచ్చే చిక్కుల్లో పెద్దది ఎదుటి సూర్యుడు. పొద్దున విజయవాడ వైపు, సాయంత్రం హైదరాబాద్ వైపు పోయేవాళ్ళకు ఇది అనుభవమే. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు కాంతి కెమెరా కంట్లో పడి, గీతకూ తారుకూ తేడా చెరిగిపోతుంది. చెట్ల నీడల కింద వెలుగు, చీకటి టకటకా మారుతున్నా అదే ఇబ్బంది. సొరంగంలోంచి బయటికి వచ్చిన క్షణంలో కూడా కెమెరాకు సర్దుకోవడానికి కొంత సమయం కావాలి.

వీటిని కనిపెట్టే పద్ధతి తేలిక. తప్పు జరిగినప్పుడల్లా రోడ్డు, దిక్కు, వేళ, వాన, వేగం గుర్తుపెట్టుకోవాలి. ఒకేచోట మళ్ళీ మళ్ళీ అరిస్తే తప్పు రోడ్డుది. ఒకే వేళలో, ఒకే దిక్కున అయితే వెలుతురుది. రోడ్డు మారినా, వేళ మారినా వదలకపోతే అప్పుడు కారువైపు తిరగాలి.

అద్దం మీద ఏముంది?

కెమెరా ముందున్నది అరచేతి అంత అద్దం. అక్కడ ఏది పడినా గీత మీద పడినట్టే. వైపర్ రబ్బరు ఎండిపోతే వాన రోజున సరిగ్గా ఆ భాగం మీదనే చార మిగులుతుంది. వైపర్ మార్చితే పోయే జబ్బుకు కెమెరా మార్పించినవాళ్ళు ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఏసీ వేసిన కారులో అద్దం లోపలివైపు పట్టే సన్నటి ఆవిరి మన కంటికి ఆనకపోయినా కెమెరాకు తెర అవుతుంది. అద్దం మీదికి గాలి కొట్టే డీఫ్రాస్ట్ మీట నొక్కితే కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఫాస్టాగ్ విషయంలో. దాన్ని ముందు అద్దం లోపల, మధ్యలో, మిర్రర్ దగ్గర అంటించమంటారు. కెమెరా ఉండేదీ అక్కడే. రెండు వేళ్ళ పక్కకు అంటిస్తే రెండింటి పనీ జరుగుతుంది. కెమెరా చూపుకు అడ్డంగా అంటిస్తే టోల్‌గేట్ తెరుచుకుంటుంది, కారుకు మాత్రం రోడ్డు కనబడదు. దసరాకు వాహన పూజ చేసి అద్దం మీద పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు, ఎండ పడకుండా అద్దం పైభాగాన అంటించిన నల్ల ఫిల్మ్ కూడా ఈ కోవలోవే. డ్యాష్‌బోర్డ్ మీద నిలిపిన వేంకటేశ్వరస్వామి విగ్రహం మెరుపు, పరిచిన తెల్ల గుడ్డ, పడేసిన కాగితం అద్దంలో ప్రతిబింబించి కెమెరా ముందు తేలుతుంటాయి. బంపరుకు కట్టే నిమ్మకాయలు, మిరపకాయలది వేరే కథ. అవి కెమెరాకు అడ్డురావు గానీ బంపరులో రాడార్ ఉన్న కార్లలో దానికి అడ్డువస్తాయి. కొన్ని కార్లలో రాడార్ మూగబోతే మిగతా సహాయాలు కూడా ఆగి, అన్నిటికీ కలిపి ఒకే దీపం వెలుగుతుంది.

ఎండాకాలం సంగతి ఒకటి చెప్పాలి. రోహిణి కార్తెలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో కెమెరా ఉండే చోటు కారు మొత్తంలో బాగా వేడెక్కే చోట్లలో ఒకటి. వేడి హద్దు దాటితే కెమెరా తనను తాను కాపాడుకోవడానికి పని ఆపేస్తుంది, తాత్కాలికంగా పనిచేయదన్న మాట తెర మీద వస్తుంది. ఏసీ వేసి కాసేపు నడిపితే దానంతట అదే తిరిగి వస్తుంది. దీనికి షెడ్డు అక్కర్లేదు, నీడ చాలు.

ఒక్క డిగ్రీ వంకర

అద్దం శుభ్రంగా ఉంది, రోడ్డు బాగుంది, పట్టపగలు. అయినా ఒకవైపు తొందరపడి అరుస్తుంది, రెండోవైపు ఆలస్యంగా అరుస్తుంది. ఇది కెమెరా వంకరగా కూర్చున్న లక్షణం. ఎంత వంకరైతే ఇబ్బంది? కెమెరా మూతి ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 10 మీటర్ల దూరంలో గీత 17 సెంటీమీటర్లు జరిగినట్టు, 30 మీటర్ల దూరంలో 52 సెంటీమీటర్లు జరిగినట్టు కనబడుతుంది. లేనులో మనకున్న ఖాళీ 85 సెంటీమీటర్లేనని గుర్తుచేసుకుంటే ఆ ఒక్క డిగ్రీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

వంకర ఎక్కడినుంచి వస్తుంది? అన్నిటికంటే ఎక్కువగా ముందు అద్దం మార్పించినప్పుడు. రాయి తగిలి అద్దం పగులుతుంది, తక్కువ ధరకు దొరికింది బిగిస్తారు. అద్దం మందంలో తేడా ఉన్నా, కెమెరా పట్టే క్లిప్పు వెంట్రుకవాసి పక్కకు అతికినా చూపు మారిపోతుంది. అందుకే అద్దం మార్చాక కెమెరాకు చూపు సరిచేయాలి. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. కొన్ని కార్లను చదునైన నేల మీద నిలిపి, ముందు కొలిచిన దూరంలో గళ్ళ బోర్డు పెట్టి కెమెరాకు చూపిస్తారు. కొన్నిటిని గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నిర్ణీత వేగంతో కొంతసేపు నడిపితే నేర్చుకుంటాయి. కొన్నిటికి రెండూ కావాలి. అద్దం బిల్లులో క్యాలిబ్రేషన్ అన్న మాట లేకపోతే డబ్బు కట్టేముందే అడగాలి.

కెమెరా కదలకపోయినా కారు కదిలి ఉండవచ్చు. డిక్కీ నిండా బియ్యం బస్తాలు వేస్తే వెనక కిందికి దిగి ముందు పైకి లేస్తుంది, కెమెరా చూపు దూరానికి పోతుంది. సస్పెన్షన్ ఎత్తు పెంచినా, పెద్ద టైర్లు వేయించినా లెక్క తప్పుతుంది. గుంతలో పడి వీల్ అలైన్‌మెంట్ చెడితే కారు తిన్నగా పోవాలంటే స్టీరింగ్‌ను ఒకవైపు పట్టుకోవలసి వస్తుంది. క్యాలిబ్రేషన్‌కు ముందు టైర్లలో గాలి సరిచూడమని, డిక్కీ ఖాళీ చేయమని అనేది ఈ కారణంగానే. అలైన్‌మెంట్ ముందు, క్యాలిబ్రేషన్ తర్వాత. ఈ వరస తిరగబడితే రెండోసారి డబ్బు కట్టాలి.

తీగల్లో లోపం

ఇంతదాకా చూసిన తర్వాత కూడా పసుపు దీపం వదలకపోతే లోపం విద్యుత్తులో ఉంది. కెమెరా ఒంటరిగా పనిచేయదు. చక్రాల నుంచి వేగం, స్టీరింగ్ సెన్సర్ నుంచి కోణం, మీట నుంచి ఇండికేటర్ సంగతి దానికి అందుతుండాలి. వేగం సంగతి ఆగిపోతే అది నిద్రపోతుంది. ఇండికేటర్ సంగతి అందకపోతే మీరు మర్యాదగా లేను మారిన ప్రతిసారీ అరుస్తుంది. బ్యాటరీ బలహీనపడినా, తీసి పెట్టినా కొన్ని కార్లలో స్టీరింగ్ సెన్సర్ తన సున్నా స్థానం మరిచిపోతుంది. అప్పుడు దీపాలు ఒకటి కాదు, గుంపుగా వెలుగుతాయి. గుంపుగా వెలిగితే కెమెరాను అనుమానించే ముందు బ్యాటరీని, ఫ్యూజులను చూడాలి. వదులైన కనెక్టర్ మాత్రం మొదట్లో చెప్పుకున్న సూత్రానికి మినహాయింపు. కుదుపుకు పోయి, కుదుపుకు వస్తుంది. గీతలు బాగున్న రోడ్డు మీద కూడా గుంతల దగ్గరే దీపం వెలుగుతుంటే అది దాని గుర్తు.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అక్కడ స్కానర్ పెడితే కారు దాచుకున్న లోపాల సంకేతాలు బయటపడతాయి. పి అక్షరంతో మొదలైతే ఇంజిను, గేర్లు. సి అయితే చక్రాలు, స్టీరింగ్, బ్రేకులు. బి అయితే బాడీ. యు అయితే కారులోని కంప్యూటర్ల మధ్య మాట తెగిందని. చవక స్కానర్లలో చాలావాటికి పి ఒక్కటే చదవడం వచ్చు. "కోడ్ ఏమీ లేదన్నా, అంతా బాగానే ఉంది" అని షెడ్డులో చెబితే ఆ స్కానర్‌కు మిగతా మూడూ చదవడం వచ్చా అని అడగాలి. కోడ్‌ను చెరిపేయడం బాగుచేయడం కిందికి రాదు. చెరిపిన తర్వాత తిరిగి వచ్చిందా లేదా అన్నదే పరీక్ష.

కట్టేయాలా, ఉంచాలా?

ఇన్ని తిప్పలు ఎందుకని చాలామంది దీన్ని ఆపేస్తారు. అమెరికాలో హైవే భద్రతపై పనిచేసే ఐఐహెచ్‌ఎస్ సంస్థ సర్వీసుకు వచ్చిన హోండా కార్లను పరిశీలించి 2016లో చెప్పిన లెక్క ప్రకారం, ఎదుటి బండికి గుద్దుకోబోతున్నామని చెప్పే హెచ్చరిక 184 కార్లలో ఒక్కదానిలో తప్ప అన్నిటిలోనూ వేసి ఉంది. గీతదాటు హెచ్చరిక మాత్రం మూడో వంతు కార్లలోనే వేసి ఉంది. అదే సంస్థ పోలీసు రికార్డుల నుంచి ఇంకో లెక్క తేల్చింది. బండి తనంతట తాను దారి తప్పడం, పక్క బండిని రాసుకోవడం, ఎదురెదురుగా ఢీకొనడం లాంటి ప్రమాదాలు ఈ హెచ్చరిక ఉన్న కార్లకు 11 శాతం తక్కువ. వాటిలో గాయాలు అయినవి 21 శాతం తక్కువ. చాలామంది ఆపేసుకున్నా వచ్చిన ఫలితం అది.

కాబట్టి ఆపేసే ముందు చేయదగిన పని ఒకటుంది. సెట్టింగుల్లో ఎంత ముందుగా హెచ్చరించాలో ఎంచుకునే వీలు చాలా కార్లలో ఉంటుంది. దాన్ని ఆలస్యానికి మార్చి, చప్పుడు బదులు వణుకు పెట్టుకుంటే విసుగు సగం తగ్గుతుంది. గీత మీద చక్రం పెట్టి నడిపే అలవాటు వల్ల వచ్చే అరుపులను మాత్రం ఏ సెట్టింగూ తగ్గించదు. అవి లోపాలు కావు. ఊళ్ళో గీతలు లేని రోడ్ల మీద, పనులు జరుగుతున్న చోట ఆపుకున్నా నష్టం లేదు. రాత్రిపూట హైవే ఎక్కేముందు తిరిగి వేసుకోవడం మరవకూడదు.

ఇకమీదట ఇది ఒక్క కారు యజమాని బాధ కాదు. యూరప్‌లో కొత్త రకం భారీ లారీలకు, బస్సులకు ఈ హెచ్చరికను 2013 నవంబరు నుంచి తప్పనిసరి చేశారు. మన కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2025లో పెద్ద వాహనాలకు అలాంటి ముసాయిదా నియమాలనే ప్రకటించింది. రోడ్డు గీతలు ఎలా ఉండాలో చెప్పే ఐఆర్‌సీ 35 ప్రమాణం మనకు ఉండనే ఉంది. ఇంతకాలం గీత చెరిగితే డ్రైవరు అంచనాతో నెట్టుకొచ్చేవాడు. కెమెరాకు అంచనా వేయడం రాదు, గీత చెరిగిన చోట దాని సహాయం కూడా చెరిగిపోతుంది. అందుకని కారు లోపల అన్నీ సరిచూసుకున్న తర్వాత, ఒకే కిలోమీటరు రాయి దగ్గర గుర్తు రోజూ తెల్లబడుతుంటే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి ప్రయోజనం లేదు. జాతీయ రహదారుల ఫిర్యాదు నంబరు 1033కి ఫోన్ చేసి, ఏ కిలోమీటరు దగ్గర, ఏ వైపు గీత చెరిగిందో చెప్పండి. ఆ రిపేరు చేయవలసినవాళ్ళు వాళ్ళే.